ఎస్‌బీ 203580 వేసినా ఫాస్ఫో-పీ38 బ్యాండ్ తగ్గలేదు, మందు పాడైపోయినట్టేనా?

అడిగిన అమ్మాయి నెల్లూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది ప్రాజెక్టు చేస్తోంది. ఆమె పెట్టిన వివరాలు క్లుప్తంగా ఇవి. రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్ (రోగనిరోధక) కణాలకు, పీ38 అనే కైనేజ్‌ను, అంటే వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమును ఆపే ఎస్‌బీ 203580 మందు 10 మైక్రోమోలార్ ఇచ్చి, గంట తర్వాత ఎల్పీఎస్ (కణాల్ని రెచ్చగొట్టే బ్యాక్టీరియా పైపొర పదార్థం) కలిపింది. ప్రోటీన్ మోతాదు కొలిచే ఎలైసా పరీక్షలో టీఎన్‌ఎఫ్ అనే వాపు ప్రోటీన్ బాగా పడిపోయింది. ప్రోటీన్‌ను బ్యాండ్‌గా చూపే వెస్టర్న్ బ్లాట్‌లో మాత్రం ఫాస్ఫో-పీ38 (ఫాస్ఫేట్ తగిలిన పీ38) బ్యాండ్ మందు వేయని లేన్‌లో ఎంత ఉందో వేసిన లేన్‌లోనూ అంతే ఉంది, కాస్త ముదురుగా కూడా ఉంది. మే నెల ఎండలో కొరియర్‌లో వచ్చిన మందు పాడైందేమోనని ఆమె టెన్షన్. గైడ్ మాత్రం "టీఎన్‌ఎఫ్ తగ్గింది కదా, పీ38 వల్లే అని రాసెయ్" అంటున్నారట.

ముందు సమాధానం చెప్పేస్తాను. మందు పాడవలేదు, బ్లాటూ తప్పు కాదు. మీరు చూసిన చోటే వేరు. ఎస్‌బీ 203580 పీ38 మీద ఫాస్ఫేట్ పడకుండా ఆపే మందు కాదు. ఫాస్ఫేట్ పడ్డాక పీ38 చేయాల్సిన పనిని ఆపే మందు. అందుకని ఫాస్ఫో-పీ38 తగ్గకపోవడం మామూలే. మందు పనిచేసిందో లేదో తెలియాలంటే పీ38 ఫాస్ఫేట్ పెట్టే ఎంకే2 అనే కింది ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ తగ్గిందా అని చూడాలి. ఇక మీ గైడ్ మాట సగమే సరి. పీ38 మీద అనుమానం బలపడింది, అంతవరకే. రుజువు కావాలంటే ఇంకో రెండు మూడు పనులున్నాయి, అవి కింద చెప్తాను.

మాది పెన్నా కాలువ కింద పొలాలున్న ఊరు కాబట్టి ఇది నాకు కాలువ భాషలో చెప్తేనే తృప్తి. ఎడగారు పంటకు నీళ్లు వదలమని తూములు చూసుకునే లస్కరుకు పై నుంచి ఆర్డరు వస్తుంది. లస్కరు ఆ కాయితం జేబులో పెట్టుకుని, తాళం తీసుకెళ్లి తూము తలుపు ఎత్తుతాడు. చివరి పొలానికి నీళ్లు పారతాయి. ఇక్కడ పీ38 లస్కరు. పైన ఉన్న ఎంకేకే3, ఎంకేకే6 అనే కైనేజ్‌లు ఆర్డరు ఇచ్చేవాళ్లు. ఆ ఆర్డరే థ్రియోనిన్ 180, టైరోసిన్ 182 మీద పడే రెండు ఫాస్ఫేట్లు. మీ యాంటీబాడీ పట్టుకునేది ఆ రెంటినే. పీ38 తగిలించే ఫాస్ఫేట్‌ను అందించే ఏటీపీ లస్కరు చేతిలోని తాళం. ఎస్‌బీ 203580 ఏం చేస్తుందంటే, పీ38లో ఏటీపీ కూర్చునే గుంటలో తాను కూర్చుంటుంది. అంటే చేతిలోంచి తాళం లాగేస్తుంది. జేబులో కాయితం మాత్రం అలాగే ఉంటుంది.

మీరు లస్కరు జేబు తడిమి చూసి, కాయితం ఉంది కాబట్టి తూము తెరిచే ఉంటుంది అనుకున్నారు. చివరి పొలం, అంటే ఎంకే2, తడిసిందో లేదో చూడలేదు.

బ్యాండ్ కాస్త ముదురుగా ఎందుకుందో కూడా ఇందులోనే ఉంది. మామూలుగా పీ38 పనిలోకి దిగాక, ట్యాబ్1 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ పెట్టి, ఎంకేకేల పైనున్న ట్యాక్1 అనే కైనేజ్ జోరును తనే కొంత తగ్గిస్తుంది. నీళ్లు అందాయి, ఇక ఆర్డర్లు చాలు అని కబురు పంపడం లాంటిది. మందు వేస్తే ఆ కబురు పోదు. పైన ట్యాక్1 ఇంకా గట్టిగా పనిచేస్తుంది, పీ38 మీద ఫాస్ఫేట్ పెరుగుతుంది, పక్కదారిలోని జెఎన్‌కే అనే కైనేజ్ మీద కూడా పెరగొచ్చు. మీ బ్లాట్‌లో ఆ ముదురు లేన్ మందు పని చేసిందనడానికే ఒక చిన్న సూచన. దాన్నొక్కదాన్నే సాక్ష్యంగా పెట్టొద్దు కానీ, భయపడాల్సిన పని అసలే లేదు.

ఒక మినహాయింపు చెప్పాలి. కొన్ని సందర్భాల్లో పీ38 పైవాళ్ల ఆర్డరు లేకుండా తనకు తానే ఫాస్ఫేట్ పెట్టుకుంటుంది. అక్కడ తాళం లాగేస్తే కాయితం కూడా ఉండదు కాబట్టి ఫాస్ఫో-పీ38 తగ్గుతుంది. ఎల్పీఎస్ ఇచ్చిన మాక్రోఫేజ్‌లలో ప్రధానంగా నడిచేది ఎంకేకే3, ఎంకేకే6 దారే. మీ స్నేహితురాలు వేరే పీ38 మందుతో చేస్తే ఫాస్ఫో-పీ38 మాయమైందని రాశారు. ఆమె వాడింది డోరామాపిమోడ్ అంటే బర్బ్ 796 అయితే అది సహజమే. అది ఏటీపీ గుంట పక్కన లోతుగా ఇంకో చోట దిగబడి పీ38 ఆకారాన్నే మార్చేస్తుంది. అలా మారిన పీ38కి ఎంకేకే6 సరిగా ఫాస్ఫేట్ పెట్టలేదు. రెండూ పీ38 నిరోధకాలే, బ్లాట్ మాత్రం రెండు రకాలుగా వస్తుంది.

ఇదే పొరపాటు నేనూ చేశాను. హైదరాబాదులో పీహెచ్‌డీ మొదటి ఏడాది, అచ్చం మీలాగే ఫాస్ఫో-పీ38 తగ్గలేదని ఒక వయల్ పడేసి కొత్తది తెప్పించాను. కొత్తదానితోనూ అదే బ్లాట్. యాంటీబాడీ మార్చాను. మళ్లీ అదే. దాదాపు ఆరు వారాలు, మా ల్యాబు డబ్బులు కొన్ని వేలు అలా పోయాక, పక్క బెంచీ సీనియర్ ఒకావిడ ఫ్రీజర్‌లో మిగిలిన అవే లైసేట్లు (కణాల్ని పగలగొట్టి తీసిన ద్రవం) తీసుకుని ఫాస్ఫో-ఎంకే2కి బ్లాట్ చేసి పెట్టింది. ఎల్పీఎస్ లేన్‌లో నల్లగా బ్యాండ్, ఎస్‌బీ లేన్‌లో దాదాపు ఖాళీ. నేను పారేసిన మొదటి వయల్‌తో చేసిన లైసేట్లే అవి.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఫాస్ఫో-ఎంకే2 బ్లాట్. ఎంకే2లో ఫాస్ఫేట్ పడ్డ థ్రియోనిన్ 334ను గుర్తించే యాంటీబాడీ సులువుగా దొరుకుతుంది. చాలామంది హెచ్‌ఎస్‌పీ27 అనే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ కూడా చూస్తారు, అది ఎంకే2 కింద ఇంకో మెట్టు. కానీ హెచ్‌ఎస్‌పీ27 అన్ని కణాల్లో ఒకే మోతాదులో ఉండదు. పైగా మనుషుల్లో సీరిన్ 82 అనే చోటు ఎలుకల్లో సీరిన్ 86 అవుతుంది. మీవి ఎలుక కణాలు, యాంటీబాడీ డేటాషీట్‌లో ఎలుకకు పనిచేస్తుందని ఉందో లేదో చూసి కొనండి. నన్నడిగితే మాక్రోఫేజ్‌లకు ఎంకే2నే చూడమంటాను.

సమయం కూడా చూసుకోండి. ఎల్పీఎస్ ఇచ్చాక ఈ ఫాస్ఫేట్లు 15 నుంచి 30 నిమిషాల్లో బాగా కనిపిస్తాయి, తర్వాత తగ్గుతూ వస్తాయి. టీఎన్‌ఎఫ్ మీడియంలో పోగవడానికి కొన్ని గంటలు కావాలి. ఒకే ప్లేటులో ఆరు గంటలకు పైనున్న మీడియం ఎలైసాకు, అడుగునున్న కణాలు బ్లాట్‌కు తీసుకుంటే రెండో దాంట్లో చూడటానికి ఏమీ మిగలదు. రెండు ప్లేట్లు పెట్టండి.

ఇప్పుడు మోతాదు సంగతి. మీ ప్రయోగంలో నాకు నచ్చనిది ఇదొక్కటే, అయితే తప్పు మీది కాదు. ఎన్నో పేపర్లలో 10 మైక్రోమోలార్ అని ఉంటుంది, అందరూ అదే కాపీ కొడతారు. శుద్ధి చేసిన పీ38 ఆల్ఫాను సగానికి ఆపడానికి ఈ మందు సుమారు 50 నానోమోలార్ చాలు. పీ38 బీటాకు దాదాపు పదింతలు కావాలి. గామా, డెల్టా రకాలను ఇది దాదాపు తాకదు. కణంలో ఏటీపీ మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది, పరీక్ష గొట్టంలో వాడే దానికంటే చాలా ఎక్కువ. అదే గుంట కోసం మందు దానితో పోటీ పడాలి కాబట్టి కణాల్లో మోతాదు పెంచక తప్పదు. అయినా టీఎన్‌ఎఫ్ లాంటివి సగానికి తగ్గడానికి 1 మైక్రోమోలార్ లోపే సరిపోయిన సందర్భాలు బోలెడు. 10 దగ్గర పీ38 ఆగుతుంది, నిజమే. దాంతోపాటు ఇంకేం ఆగుతుందన్నదే ప్రశ్న.

మనిషి జీనోంలో 518 కైనేజ్‌లున్నాయని 2002లో లెక్క తేల్చారు. అన్నింటిలోనూ ఏటీపీ గుంట ఉంటుంది, వాటిలో చాలా గుంటలు ఒకదానికొకటి పోలికగానే ఉంటాయి. ఎస్‌బీ 203580 పీ38ను ఎంచుకోవడానికి ముఖ్య కారణం గుంట గుమ్మం దగ్గర ఉండే థ్రియోనిన్ 106. చిన్న అమైనో ఆమ్లం కాబట్టి దాని వెనక ఖాళీ ఉంది, మందులోని ఫ్లోరోఫినైల్ భాగం అందులోకి దూరుతుంది. చాలా కైనేజ్‌లలో ఆ గుమ్మంలో మెతియోనిన్ లాంటి పెద్దది అడ్డుగా ఉంటుంది, మందు లోపలికి పోలేదు. అయితే గుమ్మం చిన్నదిగా ఉన్నవి పీ38 ఒక్కటే కాదు. స్కాట్లండ్‌లోని డండీలో ఫిలిప్ కోహెన్ బృందం ఇలాంటి మందుల్ని వరసగా పదుల కైనేజ్‌ల మీద పరీక్షించి 2000లో, మళ్లీ 2007లో ఫలితాలు వేసింది. ఈ రంగంలో ఎవరైనా మందు కొనేముందు చూడాల్సిన పట్టికలవి. ఎస్‌బీ 203580 విషయంలో పీ38తోపాటు బయటపడినవి సీకే1 డెల్టా, ఎప్సిలాన్, గ్యాక్, రిప్‌కే2 అనే కైనేజ్‌లు.

మీకు వీటిలో ముఖ్యమైనది రిప్‌కే2. అది నాడ్1, నాడ్2 అనే గ్రాహకాల కింద పనిచేస్తుంది, బ్యాక్టీరియా గోడ ముక్కలు తగిలితే మేల్కొంటుంది. మామూలు గ్రేడు ఎల్పీఎస్‌లో ఆ ముక్కలు కొద్దిగా కలిసి ఉండటం కొత్త కాదు. అంటే మీ టీఎన్‌ఎఫ్‌లో కొంత భాగం రిప్‌కే2 దారిలో వచ్చి ఉండొచ్చు, దాన్నీ ఎస్‌బీయే ఆపి ఉండొచ్చు. బాగా శుద్ధి చేసిన ఎల్పీఎస్ వాడితే ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. ఇంకా ఉంది. ఈ మందు 3 నుంచి 5 మైక్రోమోలార్ దగ్గర ఏకేటీ అనే ఇంకో కైనేజ్ మీది ఫాస్ఫేట్‌ను కూడా తగ్గించగలదని టీ-కణాల్లో చూశారు. రాఫ్-1 అనే కైనేజ్ విషయంలో ఇంకో తమాషా, గొట్టంలో దాన్ని ఆపే ఈ మందే కణాల్లో దాన్ని రెచ్చగొడుతుంది.

అందుకే ఒకే మోతాదు వద్దు, వరస పెట్టండి: 0.1, 0.3, 1, 3, 10 మైక్రోమోలార్. ఎంకే2 ఫాస్ఫేట్, టీఎన్‌ఎఫ్ రెండూ ఒకే మోతాదు దగ్గర పడుతున్నాయా చూడండి. ఎంకే2 ఫాస్ఫేట్ 1 మైక్రోమోలార్ దగ్గరే పూర్తిగా ఆగి, టీఎన్‌ఎఫ్ మాత్రం 10 దాకా తగ్గుతూనే పోయిందనుకోండి, ఆ చివరి తగ్గుదల పీ38ది కాదు. ఈ ఒక్క గ్రాఫు మీ థీసిస్‌లో మిగతా అన్నింటికన్నా బరువైనది అవుతుంది, ఖర్చూ పెద్దగా ఉండదు.

కలిపే లెక్క చెప్తాను, ఇక్కడ తప్పులు ఎక్కువ. లవణం కాని మామూలు రూపం అణుభారం 377.4. 1 మిల్లీగ్రాము వయల్‌లో 265 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రవం) పోస్తే 10 మిల్లీమోలార్ స్టాకు. హైడ్రోక్లోరైడ్ రూపమైతే అణుభారం 413.9, అప్పుడు 242 మైక్రోలీటర్లు. సీసా మీద ఏ రూపమో చదవకుండా కలిపేవాళ్లను చాలామందిని చూశాను. ఆ స్టాకు 1 మైక్రోలీటరు 1 మిల్లీలీటరు మీడియంలో వేస్తే 10 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. తక్కువ మోతాదులకు స్టాకును మీడియంలో కాదు, డీఎంఎస్‌ఓలోనే పలచన చేసుకోండి. అప్పుడు కణాలున్న ప్లేటులోని ప్రతి గుంటలోనూ (వెల్‌లోనూ) 1 మైక్రోలీటరే పడుతుంది, డీఎంఎస్‌ఓ అన్నిచోట్లా సమానంగా ఉంటుంది. మందు లేని కంట్రోల్‌కూ అంతే డీఎంఎస్‌ఓ వేయాలి. కావలి నుంచి ఒక అబ్బాయి బ్రహ్మాండమైన ఫలితాలతో నా దగ్గరకు వచ్చాడు, కంట్రోల్‌లో ఉత్త మీడియం, మందు గుంటల్లో 1 శాతం డీఎంఎస్‌ఓ. అతను చూసిన తగ్గుదలలో మందుదెంతో డీఎంఎస్‌ఓదెంతో ఇక చెప్పే దారి లేదు. ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను.

కొరియర్ ఎండ గురించి: పొడి రూపంలో ఉన్నప్పుడు ఇది గట్టి మందే, అమ్మేవాళ్లు చాలామంది మామూలు ఉష్ణోగ్రతలోనే పంపుతారు. మన తీరప్రాంతంలో అసలు శత్రువు వేడి కాదు, తేమ. డీఎంఎస్‌ఓ గాలిలోని నీటిని గబగబా పీల్చుకుంటుంది. మైనస్ 20లోంచి తీసిన చల్లటి ట్యూబు మూత వెంటనే తీస్తే, నెల్లూరు గాలికి లోపల చెమ్మ పట్టడం ఖాయం. నీళ్లు కలిసిన డీఎంఎస్‌ఓలో మందు సరిగా కరగక అడుగున చేరుతుంది, పైనుంచి తీసిన మైక్రోలీటరులో మందే ఉండదు. 20 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి పెట్టుకోండి, గది వేడికి వచ్చాకే తెరవండి, ఒకసారి తెరిచింది మళ్లీ ఫ్రీజర్‌లోకి వద్దు. డీఎంఎస్‌ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో గట్టిపడితే కంగారుపడకండి. కరెంటు పోయి ఫ్రీజర్ ఒక పూట ఆగినా ఈ మందుకు ఏమీ కాదు. మీ యాంటీబాడీల సంగతి చూసుకోండి.

ఎలైసాతోపాటు అవే గుంటల్లో కణాలు బతికున్నాయో లేదో ఎంటీటీ లాంటి పరీక్ష చేశారా? ప్రశ్నలో కనిపించలేదు. సగం కణాలు చచ్చినా టీఎన్‌ఎఫ్ సగమవుతుంది.

ఇక రుజువు సంగతి. అన్నీ చేయలేరు, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అన్నీ అక్కర్లేదు కూడా. నేనైతే ఈ వరసలో వెళ్తాను. మొదట పైన చెప్పిన మోతాదుల గ్రాఫు. తర్వాత నిర్మాణం పూర్తిగా వేరుగా ఉన్న రెండో పీ38 మందు, డోరామాపిమోడ్ గానీ వీఎక్స్-745 గానీ. రెండూ పీ38నే ఆపుతాయి, వాటి పక్కచూపులు మాత్రం వేర్వేరు. రెంటితోనూ టీఎన్‌ఎఫ్ తగ్గితే మాట బలపడుతుంది. డోరామాపిమోడ్ మెల్లగా అతుక్కునే రకం, గంట కంటే తక్కువ ముందుగా ఇస్తే సరిగా పట్టదు. దాని బదులు ఎస్‌బీ 202190 కొనకండి. పేరు చూసి వేరే మందనుకుంటారు, అది ఎస్‌బీ 203580కి అన్నదమ్ముడు, తప్పులూ దాదాపు అవే. పైగా కొన్ని కణాల్లో అది పీ38తో సంబంధం లేకుండా పెద్ద పెద్ద ఖాళీ బుడగలు పుట్టిస్తుంది. ఆ బుడగలు చూసి పీ38 ఆగితే ఆటోఫేజీ (కణం తన భాగాల్ని తానే తినేయడం) మొదలవుతుందని నేనొకసారి పోస్టరు దాకా వెళ్లాను. అదృష్టం, పోస్టరు అతికించే ముందురోజు డోరామాపిమోడ్ గుంటల్లో ఒక్క బుడగా లేదని చూసుకున్నాను.

ఎస్‌బీ 202474 అనే పనిచేయని పోలిక మందును కంట్రోల్‌గా వేస్తారు. వేస్తే మంచిదే, కానీ దానిమీద ఎక్కువ భారం పెట్టకండి. పీ38ను ఆపని అది, సీకే1నో రిప్‌కే2నో కూడా ఆపకపోవచ్చు. అప్పుడది దేనికి కంట్రోలో చెప్పడం కష్టం. డబ్బుంటే ఆ బదులు పీ38 ఆల్ఫాను తయారుచేసే ఎంఏపీకే14 జీన్‌కు ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ చేసి, ఆ ప్రోటీన్ తయారీనే తగ్గించడం మేలు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం థ్రియోనిన్ 106ను మెతియోనిన్‌గా మార్చిన పీ38ను కణాల్లో పెట్టడం. గుమ్మం మూసుకుపోతుంది, మందు దానిలోకి దూరలేదు. అప్పుడు మందు వేసినా టీఎన్‌ఎఫ్ తిరిగి పెరిగితే ఇక వాదన ఉండదు. అది పీహెచ్‌డీ స్థాయి పని.

గైడ్ గారికి ఎలా చెప్పాలని కూడా అడిగారు. ఆయన తప్పన్నట్టు కాకుండా, ఆయన మాటనే ఒక మెట్టు దించి రాయండి. "పీ38 వల్లే" అనే చోట "ఎస్‌బీ 203580కి లొంగే దారి ఒకటి అవసరం, ఎంకే2 ఫాస్ఫేట్ తగ్గుదల పీ38ను సూచిస్తోంది" అని రాస్తే ఆయనకూ అభ్యంతరం ఉండదు, వైవాలో బయటి ఎగ్జామినర్‌కూ ఉండదు. నేను ఎగ్జామినర్‌గా కూర్చున్నప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి చెప్తున్నాను. ఆయనకు ఒక చిన్న కథ కూడా చెప్పొచ్చు. ఈ మందుల కుటుంబం పుట్టినప్పుడు పీ38 అనే పేరే ఎవరికీ తెలియదు. స్మిత్‌క్లైన్ బీచమ్ వాళ్లు మోనోసైట్లలో ఐఎల్-1, టీఎన్‌ఎఫ్‌ను తగ్గించే పదార్థాల కోసం వెతికారు, దొరికాయి, అవి దేనికి అతుక్కుంటున్నాయో తర్వాత పట్టుకున్నారు. అలా 1994లో బయటపడ్డ ప్రోటీనే పీ38. అదే ఏడాది ఎల్పీఎస్ తగిలిన ఎలుక కణాల్లో ఇంకో బృందం దాన్నే వేరుగా పట్టుకుంది. మీ ప్రయోగం, దాని పుట్టుక, రెండూ ఒక చోటివే.

మీరు నేలవేము సారంతో కూడా చేయబోతున్నామన్నారు కాబట్టి ఇంకొకటి. మన రెండు జిల్లాల్లో ప్రాజెక్టంటే నేలవేమో తిప్పతీగో ఉండాల్సిందే. సారం వేస్తే ఫాస్ఫో-పీ38 తగ్గొచ్చు, అంటే అది పైన, ఆర్డరు దగ్గరే పని చేస్తోంది. పక్క లేన్‌లో ఎస్‌బీ వేస్తే ఫాస్ఫో-పీ38 తగ్గదు. ఆ రెండు లేన్లు పక్కపక్కన పెట్టి "ఎస్‌బీ కంటే మా మొక్కే బలమైన పీ38 నిరోధకం" అని రాసిన థీసిస్ నా చేతికి ఒకటి వచ్చింది. రెండింటినీ పోల్చాలంటే ఫాస్ఫో-ఎంకే2 మీద పోల్చండి.

కింద ఒంగోలు నుంచి ఒక పెద్దాయన ఈ మందు మోకాళ్ల నొప్పులకు దొరుకుతుందా అని అడిగారు. లేదండీ. ఇది పరిశోధనకే, మనుషులకు ఇచ్చే మందు కాదు. ఈ దారిలో వచ్చిన వేరే మందుల్ని కీళ్లవాతానికి మనుషుల్లో పరీక్షించారు. కొన్ని కాలేయాన్ని ఇబ్బంది పెట్టాయి, కొన్నింటి గుణం కొద్ది వారాలకే తేలిపోయింది. దయచేసి ఎక్కడా కొనకండి.

అమ్మా, మీ లైసేట్లు మైనస్ 80లో మిగిలి ఉన్నాయన్నారు. కొత్త మందు ఆర్డరు పెట్టకముందే వాటితో ఫాస్ఫో-ఎంకే2, మొత్తం ఎంకే2 బ్లాట్ చేయండి. 30 నిమిషాల లోపు తీసిన లైసేట్లయితేనే పనికొస్తాయి, ట్యూబుల మీద సమయం రాసుందో లేదో ముందు చూడండి.